ఎదురుచూపుకు తోడు



క్రైస్తవుల పంచాంగంలో కొత్త సంవత్సరం జనవరి ఒకటిన రాదు. నవంబరు 30 అంద్రెయ అపొస్తలుడి పండుగ. దానికి అటో ఇటో దగ్గర్లో పడే ఆదివారమే వాళ్ల సంవత్సరాది. నవంబరు 27కి ముందు రాదు, డిసెంబరు 3 దాటి పోదు. ఆ ఆదివారం మొదలు క్రిస్మస్ ముందురోజు దాకా నడిచే నాలుగు వారాలకు ఆగమన కాలమని పేరు. నాలుగు వారాలన్నది మాట వరసకే, ఏడాదిని బట్టి 22 రోజులు కావచ్చు, 28 కావచ్చు. కతోలిక విచారణల్లో, సీఎస్‌ఐ, లూథరన్ సంఘాల్లో దీన్ని పాటిస్తారు. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో చాలాచోట్ల ఈ పేరే వినపడదు. డిసెంబరు వచ్చిందంటే నేరుగా క్రిస్మసే.

ఈ రోజుల్లో కతోలిక గుడికి వెళితే తేడా కంటికే తెలుస్తుంది. గురువుగారి మీద ఊదారంగు వస్త్రం. పీఠం దగ్గర పూల ఆర్భాటం తగ్గుతుంది. ఆదివారం పూజలో మామూలుగా పాడే మహిమ గీతం పాడరు, దాన్ని క్రిస్మస్ రాత్రికి అట్టిపెడతారు. మూడో ఆదివారం ఒక్కరోజు గులాబీ రంగు కట్టుకుని, సగం దారి దాటాం, కాస్త సంతోషపడండి అంటారు. చదివే పాఠాలు కూడా మొదట్లో పశువుల పాక గురించి కావు. డిసెంబరు 16 దాకా ఎక్కువగా రెండో రాకడ గురించి, మెలకువగా ఉండమని. 17 నుంచి బెత్లెహేము వైపు మళ్లుతాయి.

పూర్వం ఉపవాసమూ ఉండేది. పడమటి దేశాల్లో అది ఎప్పుడో పలచబడింది. కేరళలో సిరియన్ క్రైస్తవులు మాత్రం ఇప్పటికీ డిసెంబరు 1 నుంచి 25 రోజుల ఉపవాస దీక్ష పడతారు, మాంసాహారం ముట్టరు. మనం ఆ రోజుల్లో ఏం చేస్తామో మీకు తెలుసు. సెమీ క్రిస్మస్ అని షామియానా వేసి బిర్యానీ వడ్డిస్తాం. తినడం తప్పని అనను, నేనూ తిన్నాను. పండుగను ముందే తినేస్తే ఎదురుచూడటానికి ఏం మిగులుతుందన్నదే నా సందేహం.

ఈ నాలుగు వారాలకు తగిన కథ ఏదని ఎవరైనా అడిగితే నేను గొర్రెల కాపరుల దగ్గరికి పోను, తూర్పు జ్ఞానుల దగ్గరికీ పోను. లూకా సువార్త మొదటి అధ్యాయంలో, యూదయ కొండసీమలో, ఒక ముసలి దంపతుల ఇల్లుంది. అక్కడికి పోతాను.

ఇంటాయన పేరు జెకర్యా, యాజకుడు. దేవాలయంలో ధూపం వేసే వంతు చీట్లలో ఆయనకు పడింది. లోపల దూత కనబడి, నీ భార్య కొడుకును కంటుందన్నాడు. ఈ వయసులో నమ్మేదెట్లా అన్నాడు ఈయన. మాట పోయింది. బయట జనం, ఇంకా రాడేమిటని చూస్తున్నారు. వచ్చినవాడు సైగలు తప్ప ఇంకేం చేయలేకపోయాడు. వంతు రోజులు ముగించుకుని ఇంటికి చేరాడు. భార్య ఎలీసబెతు నెల తప్పింది. ఆ సంగతి చెప్పి లూకా వెంటనే ఇంకో మాట అంటాడు: ఆమె అయిదు నెలలు మరుగున ఉండిపోయింది.

ఎందుకు అన్నది విడమరచడు. మన ఊళ్లో ఏళ్ల తరబడి గొడ్రాలనిపించుకున్న మనిషిని అడిగితే ఆవిడ చెబుతుంది. సీమంతానికి పిలవని ఇళ్లు, పిలిచినా పక్కన నిలబెట్టిన ఇళ్లు, పసిబిడ్డను చేతికివ్వడానికి సందేహించిన తల్లులు ఆమెకు గుర్తుంటారు. ఆఖరికి కడుపు పండితే ముందు కలిగేది భయం. నలుగురి నోళ్లలో పడితే ఏమవుతుందోనని, నిలబడేదాకా చెప్పొద్దని. అలా ఆ ఇంట్లో అయిదు నెలలు గడిచాయి. మొగుడికి మాట లేదు, పెళ్లాం గడప దాటదు. మంచి కబురు వచ్చిన ఇల్లే అది. అయినా ఆ నిశ్శబ్దం ఎంత బరువుగా ఉండి ఉంటుందో ఊహించండి.

ఆరో నెలలో ఆ ఇంటికి మరియ అనే పిల్ల వచ్చింది. గలిలయలోని నజరేతు నుంచి, నూరు కిలోమీటర్లకు పైబడిన కొండదారి నడిచి. త్వరపడి వచ్చిందంటాడు లూకా. ఆ పిల్ల కష్టం ఆ పిల్లది. పెళ్లి ఖాయమైంది, ఇంకా కాపురానికి పోలేదు, కడుపుతో ఉంది. ఊళ్లో ఎవరితో చెప్పుకుంటుంది? చుట్టరికంలో పెద్దావిడకు కూడా కాని వయసులో నెలలు నిండుతున్నాయని దూత చెప్పాడు. తన మాట నమ్మే మనిషి భూమ్మీద ఎవరైనా ఉంటే ఆవిడే ఉంటుందని ఆ పిల్లకు తోచి ఉంటుంది. గుమ్మంలో నిలబడి పలకరించింది. ఎలీసబెతు ఎవరు ఏమిటి ఎలాగ అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. దీవించింది.

ఆ తర్వాత మరియ నోట వచ్చిన స్తుతిగీతం మీద వేల ప్రసంగాలు వచ్చాయి. అది అంతటి గీతమే, కాదనను. నా కన్ను మాత్రం దాని కింద ఉన్న చిన్న వాక్యం మీద నిలుస్తుంది. మరియ సుమారు మూడు నెలలు ఆమె దగ్గర ఉండి ఇంటికి వెళ్లింది. అంతే. ఆ మూడు నెలలు ఏం చేశారో ఒక్క ముక్క లేదు. కాన్పు దాకా ఉందా, ముందే బయల్దేరిందా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. కాన్పులు చేసిన మన అమ్మమ్మలకు ఆ వాదనతో పని లేదు. ఆరో నెల నుంచి తొమ్మిదో నెల దాకా ఒక ముసలి చూలాలి ఇంట్లో పడుచుపిల్ల ఉందంటే బావి నుంచి నీళ్లు ఎవరు తెచ్చారో, పిండి ఎవరు విసిరారో, రాత్రి కాళ్లు వాచి నిద్రపట్టకపోతే ఎవరు పక్కన కూర్చున్నారో వాళ్లకు తెలుసు. ఆ పిల్లకు మాత్రం వేవిళ్లు ఉండవా? చెరువులో నీళ్లు చూసినా కడుపులో తిప్పే నెలల్లో, ఇది మామూలే అమ్మా, సర్దుకుంటుంది అని చెప్పే పెద్దదిక్కు తనకూ దొరికింది.

బిడ్డ పుట్టాక ఎనిమిదో రోజున చుట్టాలంతా చేరి తండ్రి పేరే పెడదామన్నారు. జెకర్యా పలక అడిగి తెప్పించుకుని, పిల్లవాడి పేరు యోహాను అని రాశాడు. అప్పుడు నోరు తెరుచుకుంది. అన్ని నెలల తర్వాత వచ్చిన మొదటి మాట దేవుడి స్తుతి. వంతు వచ్చినప్పుడు గుళ్లో నిలబడే వృత్తి ఆయనది. అన్నాళ్లు మాట లేకుండా ఇంట్లో కూర్చుని ఆయన ఏం నేర్చుకున్నాడో గాని, నోరు వచ్చాక ఫిర్యాదు చెయ్యలేదు. ఒకే కప్పు కింద ఒకరికి మౌనం, ఇద్దరికి తోడు. ఆగమన కాలం అంటే నాకు ఆ ఇల్లే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ మౌనాన్నీ ఈ తోడునూ కలిపి బతికి చూసినవాళ్లు కొందరున్నారు. డీట్రిష్ బాన్‌హోఫర్ అనే జర్మన్ లూథరన్ బోధకుడు 1935లో బాల్టిక్ తీరానికి దగ్గరగా ఫింకెన్‌వాల్డె అనే ఊళ్లో, హిట్లర్‌కు లొంగని సంఘం కోసం కాపరులను తయారుచేసే చిన్న బడి నడిపాడు. అక్కడ రోజూ ఉదయం అరగంట సేపు ఎవరికి వాళ్లు ఒక వాక్యభాగం ముందు పెట్టుకుని మౌనంగా కూర్చోవాలి. కుర్రాళ్లు విసుక్కున్నారు, ఏం చెయ్యాలో తోచక కునికిపాట్లు పడ్డారు. ఇంకో నియమం అంతకంటే కష్టమైనది. తోటివాడి గురించి అతను లేనప్పుడు మాట్లాడకూడదు, నోరు జారితే పోయి అతనితోనే చెప్పాలి. మన సంఘ కమిటీల్లో ఈ నియమం ఒక్క వారం పెట్టి చూడండి, సగం మీటింగులు రద్దవుతాయి. 1937లో హిట్లర్ రహస్య పోలీసు దళం గెస్టపో ఆ బడిని మూయించింది. ఒంటరిగా ఉండలేనివాడికి నలుగురి మధ్య ఉండటం ప్రమాదం, నలుగురితో ఉండలేనివాడికి ఒంటరితనం ప్రమాదం అన్న అర్థం వచ్చే మాటలు, అక్కడి అనుభవం మీద ఆయన తర్వాత రాసిన పుస్తకంలో ఉన్నాయి.

1943 ఏప్రిల్‌లో ఆయన్ని పట్టుకుని బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో పెట్టారు. ఆ నవంబరులో, ఆగమన కాలానికి వారం ముందు, స్నేహితుడికి ఉత్తరం రాస్తూ ఈ కాలాన్ని జైలు గదితో పోల్చాడు. లోపలున్నవాడు ఎదురుచూస్తాడు, ఆశపడతాడు, ఏదో ఒకటి చేస్తుంటాడు, కాని తలుపు తెరుచుకునేది బయటి నుంచే. ఆయన్ని 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు.

1944 డిసెంబరులో అదే జైల్లో ఆల్‌ఫ్రెడ్ డెల్ప్ అనే జెస్విట్ గురువు ఉన్నాడు. చేతులకు సంకెళ్లు. ఆ చేతులతోనే ఆగమన కాలం మీద ధ్యానాలు రాశాడు. మరియానె అన్న పేరే ఉన్న ఇద్దరు స్త్రీలు ఉతికిన బట్టలు ఇచ్చి మాసినవి తీసుకుపోయే వంకతో ఆ కాగితాలను బయటికి చేరవేశారు. కొన్నాళ్లు పక్కపక్క గదుల్లో ప్రొటెస్టంట్లు మోల్ట్కె, గెర్‌స్టెన్‌మాయర్ ఉన్నారు. వందల ఏళ్లు ఒకరి గుడికి ఒకరు పోని రెండు తెగలవాళ్లు గోడలకు అటూ ఇటూ ఉండి ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకున్నారు. మోల్ట్కెను జనవరి 23న, డెల్ప్‌ను ఫిబ్రవరి 2న చంపేశారు. గెర్‌స్టెన్‌మాయర్ బతికి బయటపడ్డాడు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ ఏడు ఆగమన కాలపు మొదటి ఆదివారం నవంబరు 27న పడింది, ఉప్పెన వచ్చిన ఎనిమిదో రోజు. చెట్లకు, ముళ్లకంపలకు చిక్కుకున్న శవాలు ఇంకా దొరుకుతున్న రోజులవి. ఆ వారాల్లో దివిసీమ మనుషుల పక్కన నిలబడ్డవాళ్ల జాబితా తీస్తే మండలి వెంకట కృష్ణారావు గారు కనపడతారు, రామకృష్ణ మిషన్ వాళ్లు కనపడతారు, క్రైస్తవ సేవాసంస్థలు కనపడతాయి, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లూ కనపడతారు. దేవుడు లేడనేవాళ్లు బురదలో దిగి చేసిన ఆ పనిని ఆగమన కాలపు ఆరాధన లెక్కలో వేయడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. వాళ్లకు ఉండొచ్చు.

ఇక మన డిసెంబరు సంగతి. గుంటూరు, కృష్ణా పల్లెల్లో డిసెంబరు రాత్రులంటే క్యారల్స్. అవి వరికోతలు, కుప్పనూర్పిళ్ల రోజులు. పగలంతా చేలో వంగి పనిచేసినవాళ్లు రాత్రి స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని, గుడి దగ్గర చేరతారు. వెదురు బద్దలతో కట్టి రంగుకాగితం అంటించిన నక్షత్రాన్ని గడకర్రకు కట్టి ఒకడు పట్టుకుంటాడు. ఒకప్పుడు పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని ఒకడు ముందు నడిచేవాడు, ఇప్పుడు నక్షత్రం లోపలే బ్యాటరీ బల్బు. డోలక్, కంజీర, తాళాలు. పురుషోత్తమ చౌదరి గారి కాలపు కీర్తనలు తగ్గాయి, సినిమా వరసలు పెరిగాయి. అది వేరే ప్రసంగం. ఇంటింటికీ ఒక పాట, ఒక ప్రార్థన, చందా. మంచులో కుర్రాళ్ల నోట్లోంచి పాటతోపాటు పొగ వస్తుంటుంది.

ఒకింటి ముందు నేను చూసింది చెబుతాను. ఊరి చివర పేటలో ఒంటరిగా ఉండే ముసలావిడ. ఒక కొడుకు హైదరాబాదులో, ఒక కొడుకు అమెరికాలో. క్యారల్స్ వస్తాయని తెలుసు కాబట్టి తొమ్మిదింటికే వాకిట్లో లైటు వేసింది. పక్కింటి వాళ్లను అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు వరసగా వేసింది. ఫ్లాస్కులో టీ, బల్లమీద స్టీలు గ్లాసులు బోర్లించి, పక్కన పళ్లెంలో కజ్జికాయలు. మా వాళ్లు అక్కడికి చేరేసరికి రెండు దాటింది. గొంతులు పోయాయి. ఒక చరణం పాడారు, రెండో చరణం మింగారు. బోధకుడు గారు రెండు ముక్కల్లో ప్రార్థన ముగించారు. ఆవిడ ఆమెన్ అనేలోపే చందా పుస్తకం ముందుకొచ్చింది. కొంగుముడి విప్పి మడతపెట్టిన నోటు ఇచ్చింది. కూర్చోండి నాయనా, టీ తాగి పోదురుగాని అంది. ఇంకా పదిళ్లున్నాయి మామ్మా, తెల్లారిపోద్ది అని కుర్రాళ్లు నక్షత్రం తిప్పుకుని వెళ్లిపోయారు. ఒకడు మాత్రం వెనక్కి వచ్చి కజ్జికాయలు జేబులో పోసుకున్నాడు. ఆ రాత్రి ఆవిడకు దక్కిన పలకరింపు వాడిదే.

కుర్రాళ్లను తిట్టను. పొద్దున మళ్లీ కోతకు పోవాలి వాళ్లు. ఆ పద్ధతి మనది, పెద్దలది. ఎన్ని ఇళ్లు తిరిగాం, ఎంత వసూలైంది అని మర్నాడు లెక్క చూసుకునేది మనం. సెమీ క్రిస్మస్ వేదిక మీద ఎమ్మెల్యే గారు కేకు కోసేటప్పుడు ఫోటోలో ఎవరు ఎటు నిలబడాలో గంటసేపు తగవులాడుకునేది కూడా మనమే. సౌండు బాక్సుల మోతలో పక్కన కూర్చున్నవాడు ఎలా ఉన్నావని అడిగినా వినపడదు.

మరో వంక అదే డిసెంబరు 16 ప్రాంతాన ధనుర్మాసం పడుతుంది. తెల్లవారుజామున కోవెల మైకులో తిరుప్పావై మొదలవుతుంది. ఆ పాటల్లో గోదాదేవి స్వామి దగ్గరికి తాను ఒక్కతే పోయి ఉండొచ్చు. పోదు. చలిలో ఒక్కో ఇంటి ముందు నిలబడి, పడుకున్న చెలులను ఒక్కొక్కరినే లేపి, అందరినీ వెంటబెట్టుకుని పోతుంది. మా క్యారల్స్ బృందం పడుకోవడానికి ఇంటికి చేరే వేళకు అటువైపు అమ్మాయిలు లేచి ముగ్గులు వేస్తుంటారు. ఇంటి ముందు నిలబడి మనిషిని లేపే పనిలో ఇద్దరికీ బంధుత్వం ఉందనిపిస్తుంది నాకు. గోదాదేవి మాత్రం చందా పుస్తకం తీసుకెళ్లలేదు.

నాలుగు కొవ్వొత్తుల చక్రం సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు మన పట్నం గుళ్లలో ఆకుపచ్చ కొమ్మలు చుట్టి, వారానికొకటి చొప్పున వెలిగిస్తున్నారు. ఇది పుట్టింది పెద్ద దేవాలయంలో కాదు. యోహాన్ హిన్రిష్ విఖెర్న్ అనే ఆయన హాంబుర్గ్ నగరంలో దిక్కులేని బీద పిల్లల కోసం 1833లో ఒక ఆశ్రయం తెరిచాడు. వాళ్లను ఒకే పెద్ద హాల్లో కుక్కకుండా, పది పన్నెండు మందికి ఒక పెద్దవాణ్ని తోడు పెట్టి ఒక్కో ఇల్లుగా ఉంచాడు. డిసెంబరు వస్తే పిల్లలు క్రిస్మస్ ఎప్పుడు ఎప్పుడని ప్రాణం తీసేవారట. 1839లో ఆయన ఒక పాత బండి చక్రం తెచ్చి, మామూలు రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి నిలిపి, రోజుకొకటి వెలిగించుకోమన్నాడు. ఇవాళ మనకు అది పీఠం పక్కన అలంకారం. అమ్మానాన్నలు పక్కన లేని ఆ పిల్లలకు మాత్రం రోజులు లెక్కపెట్టుకునే సాధనం, సాయంత్రమయ్యేసరికి అందరూ ఒకచోట చేరడానికి కారణం.

ఒక్క మాట దూరదేశాల్లో ఉన్నవాళ్ల గురించి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు సెలవంటూ దొరికితే శుక్రవారం దొరుకుతుంది. తెలుగు ఆరాధన కూడా శుక్రవారమే. వారమంతా పరాయి భాషలో చెప్పింది చేసి, ఆ రెండు మూడు గంటలు తెలుగులో పాడుకుని, పక్కనున్న మనిషి చేయి పట్టుకుని ఇంటి సంగతులు చెప్పుకుంటారు. వాళ్లలో కొందరి పిల్లలు ఇక్కడ మన సంఘాల్లోనే, అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఆ పిల్లలకు క్రిస్మస్ గౌను కువైట్ డబ్బుతో వస్తుంది. క్రిస్మస్ నాటకంలో వాళ్లు దేవదూత వేషం వేస్తే ముందు వరసలో కూర్చుని చూసే మనిషి మాత్రం ఉండదు.

అందుకని ఈ ఆగమన కాలంలో నా మనవి రెండే. వినేవాళ్లు ఏ మతం వాళ్లయినా సరే, మొదటిది మీ ఇష్టానికి వదిలేస్తున్నాను. రోజులో ఓ పావుగంట ఫోను పక్కగదిలో పెట్టి మాట లేకుండా కూర్చోండి. దేవుణ్ని నమ్మేవాళ్లు ఆయన ముందు, నమ్మనివాళ్లు తమ ముందు తాము. రెండోది మాత్రం గట్టిగా అడుగుతున్నాను, ముఖ్యంగా సంఘ పెద్దలను. ఈసారి క్యారల్స్‌కు ఇళ్ల జాబితా రాసేటప్పుడు ఒంటరిగా ఉండేవాళ్ల పేర్లు, మంచం పట్టినవాళ్ల పేర్లు, ఈ ఏడు చావు జరిగిన ఇళ్లు అన్నిటికంటే పైన రాయండి. ఆ ఇళ్లకు రాత్రి పది లోపే వెళ్లండి. చందా పుస్తకం గుళ్లోనే వదిలేసి వెళ్లండి. కుర్చీ వేస్తే కూర్చోండి, టీ ఇస్తే తాగండి, మీరు చెప్పేది తగ్గించి వాళ్లు చెప్పేది వినండి. మిగతా ఇళ్లు మర్నాడు తిరగొచ్చు, డిసెంబరులో రాత్రులకు కొదవ లేదు.